చిట్టా, జవాబు: తెలుగు వికీపీడియా స్వచ్ఛంద నిర్వహణలో జవాబుదారీతనం

తెలుగు వికీపీడియాలో ఒక వ్యాసాన్ని తొలగిస్తే అది ఉన్నచోట మూడు వివరాలు మిగులుతాయి: తొలగించినవారి వాడుకరి పేరు, తేదీ సమయాలు, సాధారణంగా ఒక్క పంక్తికి మించని కారణం. ఇవి 'తొలగింపు చిట్టా'లో చేరి, చూడదలచిన ప్రతివారికీ కనబడతాయి. తొలగిన పాఠం మాత్రం నిర్వాహకులకు తప్ప సాధారణ పాఠకులకు కనబడదు. పని జరిగిందన్న సాక్ష్యం బహిరంగం, ఆ పని దేనిమీద జరిగిందన్నది గోప్యం. స్వచ్ఛంద నిర్వహణ గురించిన చర్చ చాలావరకు ఈ మొదటి సగాన్ని చూసి తృప్తిపడుతున్నది. ఎవరు ఎప్పుడు ఏ మార్పు చేశారో అంతా నమోదై ఉన్నది కనుక జవాబుదారీతనం ఉన్నట్లేనని అనుకుంటున్నది. నమోదు వేరు, జవాబు వేరు అన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. ఆ భేదాన్ని తెలుగు వికీపీడియా పరిభాషలోనూ, తెలుగు గ్రంథ పరిష్కరణ సంప్రదాయంతో పోలికలోనూ, తిరుపతి, చిత్తూరు ప్రాంత విషయాలను అందులోకి ఎక్కించేటప్పుడు ఎదురయ్యే చిక్కుల్లోనూ పరిశీలించవచ్చు.

నేపథ్యం

వికీపీడియా 2001 జనవరిలో ఇంగ్లీషులో మొదలైంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో ఏర్పడింది. కొమర్రాజు లక్ష్మణరావు తలపెట్టి, 1923లో ఆయన మరణంతో అసంపూర్ణంగా మిగిలిన విజ్ఞాన సర్వస్వాన్ని ఈ సముదాయం తన పూర్వరూపంగా భావిస్తుంది. ఆయన పేరుతో వికీమీడియా పురస్కారాన్ని కూడా నెలకొల్పింది. 2015 ఫిబ్రవరిలో పదకొండవ వార్షికోత్సవాన్ని తిరుపతిలో జరుపుకుంది. ఈ ప్రాంతపు తెలుగు శాఖలకు అది గుమ్మం ముందుకు వచ్చిన సందర్భం. దాని ఫలితంగా ఇక్కడి పరిశోధనలో వికీపీడియాపై ఆసక్తి పెరిగిన దాఖలాలు మాత్రం తక్కువ. పరిశోధకులు విషయ సేకరణలో మొదట తెరిచేదీ, ఉపయుక్త గ్రంథసూచిలో చివరికీ చేర్చనిదీ వికీపీడియాయే.

ఇందులో రాసేవారికీ, దిద్దేవారికీ జీతం లేదు. వికీమీడియా ఫౌండేషన్ సాంకేతిక వసతిని నిర్వహిస్తుందే తప్ప వ్యాసాల్లో ఏముండాలో నిర్ణయించదు. ఆ నిర్ణయం సముదాయానిది. తొలగింపు, సంరక్షణ, నిరోధం అనే మూడు అధికారాలున్న వాడుకరులను నిర్వాహకులంటారు. అభ్యర్థిత్వాన్ని సముదాయం ముందుంచి, మద్దతు వ్యతిరేకతలు తెలుసుకున్న తర్వాతనే ఆ హోదా ఇస్తారు. తెలుగులో చురుకుగా ఉన్న నిర్వాహకులు వేళ్లమీద లెక్కించదగినంతమందే. దినపత్రికల నుంచి యథాతథంగా ఎత్తిపోసిన పాఠాలు, సినిమా ప్రచారాలు, వ్యక్తులపై దూషణలు, స్వంత కవితా సంపుటాలపై స్వయంగా రాసుకున్న ప్రశంసలు రోజూ వచ్చిపడుతుంటే వాటిని ఏరిపారవేసేది వీరే. చివరి కోవలో తెలుగు అధ్యాపకుల వాటా కూడా తక్కువేమీ కాదు. ఈ శ్రమను గుర్తించకుండా నిర్వాహకుల అధికారాన్ని మాత్రమే విమర్శించడం అన్యాయం.

పాశ్చాత్య పరిశోధనలో ఈ శ్రమపై తగినంత చర్చ ఉంది. స్వచ్ఛంద నిర్వహణను జె. నేథన్ మటాయస్ 2019లో 'పౌరశ్రమ'గా వ్యాఖ్యానించాడు. నిర్వాహకుడు వేదిక యజమానులతోనూ, సముదాయంతోనూ, తోటి నిర్వాహకులతోనూ ఏకకాలంలో తన పనికి అర్థం చెప్పుకోవలసి వస్తుందని ఆయన పరిశీలన. నేథన్ ష్నైడర్ 2021లో దీన్ని మరోవైపు నుంచి చూశాడు. సముదాయాన్ని మొదలుపెట్టినవాడికే సర్వాధికారాలూ దఖలుపడేటట్లు సాఫ్ట్‌వేర్ నిర్మాణమే ఉంటుందనీ, అది ఒకరకమైన అవ్యక్త భూస్వామ్యమనీ ఆయన వాదం. నిర్వాహకుల ఎంపిక ఉన్నందున వికీపీడియా ఈ భూస్వామ్యం నుంచి కొంత తప్పుకున్నది. ఎంత తప్పుకున్నదన్నది తెలుగులో దాని మాటలను చూస్తే తెలుస్తుంది.

పరిభాష చెప్పే కథ

తెలుగు వికీపీడియా సాధించిన విజయాల్లో పరిభాషా కల్పన ముఖ్యమైనది. అసంపూర్ణమైన చిన్న వ్యాసానికి 'మొలక', ఒకే పేరుతో ఉన్న అనేక విషయాలను వేరుచేసే పుటకు 'అయోమయ నివృత్తి', సభ్యుడికి 'వాడుకరి' అన్న మాటలు విశ్వవిద్యాలయ పారిభాషిక నిఘంటువుల్లోని చాలా మాటలకంటె సజీవంగా ఉన్నాయి. నేర్పరి, కాపరి వంటి మాటల పక్కన వాడుకరి ఇబ్బంది లేకుండా ఇమిడిపోతుంది. వీటిని కల్పించినవారిలో చాలామంది తెలుగు శాఖల్లో చదువుకున్నవారు కారన్నది ఆలోచించదగిన విషయం.

అధికారానికి సంబంధించిన మాటలు ఇంత అమాయకమైనవి కావు. సముదాయం సమావేశమయ్యే పుటకు పెట్టిన పేరు 'రచ్చబండ'. వీధి అనే అర్థమున్న సంస్కృత 'రథ్య' నుంచి వచ్చిన 'రచ్చ' తెలుగులో నలుగురూ కూడే చోటుకు పేరైంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న సామెతలో అది బహిరంగ సభ. రచ్చకీడ్చడం అన్నప్పుడు అవమానం. నేటి వాడుకలో రచ్చ చేయడమంటే గొడవ. ఒక్క మాటలోనే సభ, అవమానం, గొడవ మూడూ కలిసి ఉన్నాయి. వికీపీడియా రచ్చబండను కొన్నాళ్లు చదివినవారికి ఆ మూడర్థాలూ తారసపడతాయి. ఇంగ్లీషు వికీపీడియాలో దీనికి సమానమైన పేరు ఊరి చేతిపంపును సూచిస్తుంది. నీళ్లకు వచ్చినవారు నిలబడి మాట్లాడుకొనే చోటది. తెలుగులో ఆ స్థానంలోకి వచ్చింది పెద్దలు కూర్చుని తీర్పు చెప్పే చోటు.

ఈ మార్పు చిన్నది కాదు. రాయలసీమ గ్రామాల్లో గుడి ముందరో, రావిచెట్టు కిందో ఉండే రచ్చబండ మీద ఎవరు కూర్చునేవారో, ఎవరు దూరంగా నిలబడి చేతులు కట్టుకునేవారో తెలిసిన విషయమే. దళితులకూ, స్త్రీలకూ అక్కడ దక్కింది ఎక్కువగా వినేవారి స్థానమే. పెద్దలు చెప్పిన తీర్పుకు పైన మరో తీర్పు ఉండేది కాదు. ఈ మాటను ప్రభుత్వం కూడా తర్వాత వాడుకున్నది. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2009 సెప్టెంబరు 2న హెలికాప్టర్ ప్రమాదంలో మరణించింది రచ్చబండ కార్యక్రమానికి చిత్తూరు జిల్లాకు వస్తూనే. ప్రజల ముందు పాలకుడు నిలబడి అడిగినదానికి జవాబు చెప్పడం ఆ కార్యక్రమం చెప్పుకున్న లక్ష్యం. గ్రామ సంప్రదాయంలో రచ్చబండ తీర్పు చెప్పే చోటు, ప్రభుత్వ కార్యక్రమంలో జవాబు చెప్పే చోటు. వికీపీడియా రచ్చబండ ఈ రెండింటిలో ఏదన్నది పేరుతో తేలలేదు.

అధికార శ్రేణుల పేర్లలోనూ ఇటువంటిదే కనిపిస్తుంది. నిర్వాహకులకు పైమెట్టున, నిర్వాహక హోదాను ఇవ్వగలవారికి తెలుగులో 'అధికారులు' అని పేరు. ఇంగ్లీషులో ఈ హోదాకు వాడిన మాటలో కొంత పరిహాసం ఉంది. ఉద్యోగిస్వామ్యాన్ని గేలిచేస్తున్నట్లుండే మాట అది. తెలుగులోకి వచ్చేసరికి పరిహాసం పోయి అధికారం మిగిలింది. కార్యాలయాల ముందు దరఖాస్తు పట్టుకుని నిలబడిన అనుభవం ఉన్న పాఠకుడికి 'అధికారి' అన్న మాట సేవను స్ఫురింపజేయదు.

అన్నింటికంటె అర్థవంతమైనది 'చిట్టా'. ఇంగ్లీషులో ఓడ ప్రయాణపు దినచర్య పుస్తకాన్ని తలపించే మాటకు తెలుగు వికీపీడియా గ్రామ లెక్కల మాటను ఎంచుకున్నది. తొలగింపు చిట్టా, నిరోధాల చిట్టా అంటే చదువరి మనసులో కదిలేది కరణం దస్త్రం. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం గ్రామాధికారుల వ్యవస్థను రద్దుచేసేదాకా ఊరి భూమి లెక్కలు కరణం చేతిలోనే ఉన్నాయి. ఆ లెక్కల్లో లోపం లేదని కాదు గాని, లెక్క లేకపోవడం ఎన్నడూ సమస్య కాలేదు. ప్రతి కుంటా, ప్రతి తీరువా రాసే ఉండేది. రైతుకు సమస్య ఏమిటంటే ఆ రాతను చదవగలిగినవాడు కరణమొక్కడే. దస్త్రం ఎంత సమగ్రమైతే కరణం అధికారం అంత బలపడింది. చిట్టా ఉన్నంత మాత్రాన జవాబుదారీతనం రాదనడానికి తెలుగు గ్రామ చరిత్రకంటె మంచి నిదర్శనం అక్కరలేదు. వికీపీడియా చిట్టా రహస్యం కాదు, నిజమే. అయినా దాన్ని ఎక్కడ వెదకాలో, సంక్షిప్తాలను ఎలా చదవాలో, ఏ విధానం కింద ఏ చర్య వచ్చిందో తెలిసినవారు మళ్లీ ఆ కొద్దిమందే. తన మొదటి వ్యాసం మాయమైన కొత్త వాడుకరికి చిట్టా కనబడుతుంది, అర్థం మాత్రం కాదు.

'జవాబుదారీ' అన్న మాట ఇక్కడ కొంత సహాయపడుతుంది. బాధ్యత ఒక్కడిలోనూ ఉండగలదు. సంజాయిషీ పై అధికారి అడిగితే ఇచ్చేది. జవాబు మాత్రం ప్రశ్న లేకుండా పుట్టదు. జవాబుదారీ కావాలంటే అడిగే మనిషి ఎదుట ఉండాలి, అడగడానికి అతనికి అర్హత ఉందని ఇరుపక్షాలూ ఒప్పుకోవాలి. వికీపీడియా నిర్వాహకుల్లో బాధ్యత మెండుగా ఉంది. తోటి నిర్వాహకులకు సంజాయిషీ చెప్పే ఆచారమూ ఉంది. కొరవడింది మూడోదే.

పరిష్కర్త, నిర్వాహకుడు

స్వచ్ఛంద నిర్వాహకుడు చేసే పనికి తెలుగు సాహిత్యంలో దగ్గరి పోలిక గ్రంథ పరిష్కరణ. ఇతరులు రాసిన పాఠాన్ని తీసుకుని ఏది ఉండాలో, ఏది పోవాలో, ఏది ఎలా దిద్దాలో నిర్ణయించడం రెంటిలోనూ ఉన్నది. తిరుపతికి ఈ విషయంలో గొప్ప వారసత్వం ఉంది. తాళ్లపాక కవుల సంకీర్తనల రాగిరేకులను పరిష్కరించి ప్రకటించే పనిలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి శ్రమించారు. 1950లో వేటూరివారు మరణించాక రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఆ పనిని కొనసాగించారు. అన్నమాచార్య చరిత్రకు వేటూరివారు సమకూర్చిన పీఠిక మూలగ్రంథంతో సమానంగా చదవదగినది. పాఠకుడు అడగబోయే ప్రశ్నలను ముందే ఊహించి, ఆధారాలు చూపుతూ వాటికి జవాబు చెప్పే రచన అది.

శాస్త్రీయ పరిష్కరణలో పరిష్కర్త రెండు పనులు చేస్తాడు. తాను స్వీకరించని పాఠాంతరాలను అడుగున చూపుతాడు. ఎందుకు స్వీకరించలేదో పీఠికలో చెబుతాడు. మొదటిది నమోదు, రెండవది జవాబు. మొదటిదాన్ని వికీపీడియా పరిష్కర్తలెవరికీ సాధ్యంకాని స్థాయికి తీసుకుపోయింది. ప్రతి వ్యాసానికీ ఉండే 'చరిత్ర' పుటలో తొలినాటి నుంచి నేటి వరకు అన్ని పాఠాలూ ఉంటాయి, ఏ రెండింటినైనా పక్కపక్కన పెట్టి తేడాలు చూడవచ్చు. పాఠాంతర సేకరణకు ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి తాళపత్రాలు సేకరించిన తరానికి ఇది కలలోని మాట. పీఠిక స్థానంలో మాత్రం ఉన్నది 'దిద్దుబాటు సారాంశం' అనే ఒక చిన్న గడి. అది ఖాళీగా వదిలినా యంత్రం అభ్యంతరం చెప్పదు. చర్చ పుట ఉన్నది గాని, ఎవరైనా వచ్చి అడిగితేనే అది నిండుతుంది.

పోలికను అతిగా సాగదీయకూడదు. తెలుగు పరిష్కర్తలందరూ పీఠికలతో జవాబు చెప్పినవారు కారు. పందొమ్మిదవ శతాబ్దపు ముద్రణల్లో మౌనంగా దిద్దినవి, మౌనంగా వదిలేసినవి ఎన్నో. ముద్దుపళని 'రాధికా సాంత్వనము' 1887 ప్రచురణలో కవయిత్రి తన వంశాన్ని చెప్పుకున్న అవతారికా భాగమూ, కొన్ని పద్యాలూ లేవు. బెంగుళూరు నాగరత్నమ్మ మరో ప్రతిని సంపాదించి, పోయినవాటిని చేర్చి, పీఠికతో 1910లో ప్రకటించారు. పుస్తకాన్ని 1911లో ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం స్వాతంత్ర్యం వచ్చే కాలానికి గాని తొలగలేదు. ఈ ఉదంతంలో గమనించవలసినది నిషేధం కాదు, అంతకు ముందరి మౌనం. ఒక పరిష్కర్త తీసివేసినదాన్ని మరొకరు నిలదీయగలిగారంటే కారణం వేరొక చోట వేరొక ప్రతి బతికి ఉండటమే. అడగడానికి ముందు ఆధారం అందుబాటులో ఉండాలి.

వికీపీడియాలో మార్పుకూ, తొలగింపుకూ ఉన్న భేదం ఇక్కడ స్పష్టమవుతుంది. ఒక పేరాను తీసివేస్తే పాత పాఠం చరిత్రలో ఉంటుంది, ఎవరైనా నాగరత్నమ్మ పని చేయవచ్చు. మొత్తం వ్యాసాన్ని తొలగిస్తే ఉన్న ఒక్క ప్రతీ తొలగించినవారి వర్గం దగ్గరే ఉంటుంది. ప్రచురణ హక్కుల ఉల్లంఘన, వ్యక్తి దూషణ వంటి సందర్భాల్లో ఇది అవసరం. 'విషయ ప్రాముఖ్యత లేదు' అన్న కారణంతో జరిగే తొలగింపుల్లోనూ ఇదే పద్ధతి అమలుకావడం సమర్థించదగింది కాదు. ప్రాముఖ్యత ఒక తీర్పు. తీర్పును పరీక్షించాలంటే తీర్పుకు గురైన పాఠం ఎదుట ఉండాలి. పత్రికల్లో సమీక్షలు నోచుకోని జిల్లా స్థాయి కవి, ఊరి వీధినాటక బృందం, మూతపడిన చిన్న సాహిత్య పత్రిక వంటి విషయాలపై వ్యాసాలు ఈ కారణానికి సులభంగా గురికాగలవు.

గంగజాతర, పల్లెల పేర్లు

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరను ఉదాహరణగా తీసుకుంటే సమస్య లోతు తెలుస్తుంది. వారంపాటు సాగే ఈ జాతరలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వంటి వేషాలు రోజుకొకటిగా వస్తాయి. ఆడవారిని చెరబట్టిన పాలెగాణ్ణి వెదకి చంపడానికి గంగమ్మ మారువేషాలు వేసిందన్న కథ వీటికి ఆధారం. ప్రధాన వేషాలు కైకాల కుటుంబంవారివి. ఏ వేషం ఏ వీధిలో ఆగాలి, ఎవరి ఇంటి ముందు ఏ మర్యాద జరగాలి అన్నది వారికి వంశపారంపర్యంగా తెలుసు. ఈ జ్ఞానానికి పుస్తకం లేదు.

ఆ కుటుంబంలోని ఒక యువకుడు తనకు తెలిసిన వివరాలను వికీపీడియాలో చేర్చాడనుకుందాం. 'నిర్ధారత్వం' అనే విధానం ప్రకారం ప్రతి విషయానికీ ప్రచురితమైన ఆధారం ఉండాలి. ఆధారం చూపనందున నిర్వాహకుడు ఆ భాగాన్ని తీసివేస్తే అది విధానరీత్యా సరైన చర్యే. జాయిస్ ఫ్లూకిగర్ తిరుపతిలో ఏళ్ల తరబడి క్షేత్ర పరిశోధన చేసి, గంగమ్మపై రాసిన గ్రంథం 2013లో ఇండియానా విశ్వవిద్యాలయ ముద్రణాలయం నుంచి ఇంగ్లీషులో వెలువడింది. శ్రద్ధగల గ్రంథం. అందులో పాత్రలు ఈ ఊరివారే, వివరాలు చెప్పినవారూ వారే. చెప్పినవాడి మాట నేరుగా వస్తే ఆధారరహితం, అమెరికా వెళ్లి అచ్చై తిరిగివస్తే ఆధారం. తెలుగులోనూ ఈ జాతరపై పరిశోధన ఉన్నది గాని, విశ్వవిద్యాలయ గ్రంథాలయాల అరల్లో ఉన్న సిద్ధాంత వ్యాసంకంటె ఇంగ్లీషు గ్రంథం నిర్వాహకుడికి ముందు దొరికే అవకాశం ఎక్కువ.

ఈ స్థితికి నిర్వాహకుణ్ణి నిందించడం తేలిక. అతడు విధానాన్ని అమలుచేశాడు. విధానం లేకపోతే రేపు మరొకరు వచ్చి గంగమ్మ చరిత్రను తమ కులానికి అనుకూలంగా తిరగరాయకుండా ఆపగలిగేదేమీ ఉండదు. లోపం అమలులో కాదు, అమలయ్యాక జరగవలసినదాంట్లో ఉంది. తీసివేతకు గురైన యువకుడికి వచ్చే జవాబు 'మూలాలు లేవు' అన్న రెండు మాటలు. ఆ రెండు మాటల వెనుక ఎంత వివరణ కావాలి! మూలం అంటే ఏమిటి, తన తాత మూలం ఎందుకు కాడు, తన తాత చెప్పినది మూలంగా మారాలంటే ఏ దారి ఉంది, ఈ ఊరి విశ్వవిద్యాలయంలో ఎవరిని కలవాలి. మౌఖిక ఆధారాలను అంగీకరించే మార్గాలపై 2011లో అచల్ ప్రభల నేతృత్వంలో ఒక ప్రయోగం జరిగింది. అందులో ఎంచుకున్న భాషలు మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాకు చెందిన సెపెడి. తెలుగు లేదు. జానపద విజ్ఞానంలో దశాబ్దాల క్షేత్ర పరిశోధనానుభవం ఉన్న తెలుగు శాఖలు మౌఖిక ఆధార సేకరణకు ప్రమాణాలు రాసి ఇచ్చి ఉంటే నిర్వాహకుడికి రెండు మాటలకు మించి చెప్పడానికి ఏదైనా ఉండేది.

ఊళ్ల పేర్లలో ఇదే చిక్కు మరో రూపంలో ఉన్నది. గ్రామ వ్యాసాలకు జనాభా లెక్కల జాబితాలు ముఖ్యమైన ఆధారం. ఇంగ్లీషు లిపిలో ఉన్న పేరును తెలుగులోకి మార్చేటప్పుడు త, ట ఏదో, ల, ళ ఏదో, పల్లె, పల్లి ఏదో లిపి చెప్పదు. రాయలసీమలో పల్లె అన్నది ఉచ్చారణలోనూ, శాసనాల్లోనూ స్థిరమైన రూపం. మదనపల్లెను మదనపల్లి అని రాస్తే ఆ ఊరివారికి పరాయి ఊరిలా ఉంటుంది. పెద్ద ఊరు కనుక అక్కడ దిద్దేవారు దొరుకుతారు. పిచ్చాటూరు, సత్యవేడు వైపు తమిళ సరిహద్దులోని చిన్న పల్లెల పేర్లకు ఆ అదృష్టం లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో పాత చిత్తూరు జిల్లా చిత్తూరు, తిరుపతి, అన్నమయ్య జిల్లాల మధ్య పంపిణీ అయినప్పుడు అన్ని గ్రామ, మండల వ్యాసాలనూ మార్చవలసిన పని స్వచ్ఛంద కార్యకర్తల మీద పడింది. జిల్లా మారితే ప్రభుత్వ ఉత్తర్వు ఆధారంగా ఉంటుంది. పేరు తప్పైతే ఊరివాడి నోరు తప్ప ఆధారం లేదు. స్థలనామాలపై తెలుగులో పరిశోధన తక్కువేమీ కాదు. అది చేరవలసిన చోటికి చేరలేదు.

అడిగేవారెవరు

నమోదు బహిరంగంగా ఉండి కూడా ఏళ్ల తరబడి ప్రశ్న రాకపోవడం తెలుగుకే ప్రత్యేకం కాదు. స్కాట్స్ భాషా వికీపీడియాలో ఆ భాష రాని ఒక అమెరికన్ యువకుడు, బాల్యం నుంచే సదుద్దేశంతో, వేలాది పుటలను ఇంగ్లీషు మాటలను వక్రీకరించి రాశాడనీ, నిర్వాహకుడు కూడా అయ్యాడనీ 2020 ఆగస్టులో బయటపడింది. ప్రతి దిద్దుబాటూ అతడి వాడుకరి పేరుతో చరిత్రలో నమోదై ఉంది. దాచినదేమీ లేదు. స్కాట్స్ తెలిసినవారు, చదివి అడిగేవారు అక్కడ లేకపోయారు, అంతే. క్రొయేషియన్ వికీపీడియా కథ ఇంతకంటె తీవ్రం. కొద్దిమంది నిర్వాహకులు ఒక్కటై రెండవ ప్రపంచ యుద్ధకాలపు ఫాసిస్టు పాలనను వెనకేసుకువచ్చే రాతలకు రక్షణ కల్పించారు, ప్రశ్నించినవారిని నిరోధించారు. 2013లో ఆ దేశ విద్యామంత్రి విద్యార్థులు దాన్ని వాడవద్దని బహిరంగంగా హెచ్చరించాడు. అయినా పరిస్థితి మారడానికి 2020 దాటింది. 2021లో ఫౌండేషన్ దానిపై ఒక అధ్యయనాన్ని ప్రకటించింది. స్కాట్లండులో అడిగేవారు లేరు. క్రొయేషియాలో అడిగారు గాని, అడిగే అర్హతను నిర్ణయించేవారూ, జవాబు చెప్పవలసినవారూ ఒక్కరే అయ్యారు. చిన్న సముదాయాలకు ఈ రెండు ప్రమాదాలూ ఉంటాయి.

తెలుగుకు స్కాట్స్ తరహా ప్రమాదం మరో దారిలో వచ్చింది. 2010 ప్రాంతంలో గూగుల్ సంస్థ వేతనాలిచ్చి, యంత్రానువాద ఉపకరణాలతో భారతీయ భాషల్లోకి వ్యాసాలను అనువదింపజేసింది. బెంగాలీ సముదాయం నాణ్యత లేదని నిరాకరించింది. తమిళ సముదాయం నిలదీసి షరతులు అడిగింది. తెలుగులో ఆ వ్యాసాలు చాలాకాలం నిలిచిపోయి తర్వాతెప్పుడో తీవ్రమైన చర్చకు వచ్చాయి. తెలుగు వాక్య నిర్మాణానికి లొంగని వాక్యాలతో నిండిన ఆ వ్యాసాల భాషను విశ్లేషించడానికి అప్పుడు రాష్ట్రంలో ఉన్న తెలుగు శాఖల కంటె సమర్థులెవరు? ఆ విశ్లేషణ నిర్వాహకుల చేతిలో ఉండి ఉంటే వాటిని ఉంచాలా, తొలగించాలా అన్న తర్జనభర్జన అంతకాలం సాగి ఉండేది కాదు.

జవాబుదారీతనం కోసం నిర్వాహకుల అసలు పేర్లు బయటపెట్టాలన్న వాదం ఒకటి వినిపిస్తుంటుంది. ఏఎన్ఐ వార్తాసంస్థ 2024లో వికీమీడియా ఫౌండేషన్‌పై వేసిన పరువునష్టం దావాలో ఢిల్లీ హైకోర్టు సంబంధిత వాడుకరుల వివరాలను ఇవ్వాలని ఆదేశించింది. ఆ దావా గురించిన వికీపీడియా పుటనే తీసివేయాలని కూడా ఆదేశించగా, ఈ రెండవ ఆదేశాన్ని 2025 మే 9న సుప్రీంకోర్టు రద్దుచేసింది. పేరు తెలిస్తే శిక్షించవచ్చు, జవాబు వస్తుందని చెప్పలేం. కలంపేర్లతో రాసిన తెలుగు విమర్శకులు ఆ పేర్లతోనే దశాబ్దాలపాటు వాదాలకు నిలబడి జవాబులు చెప్పారు. చర్చ పుటలో ప్రతి మాట కిందా సంతకం, తేదీ ఉండాలన్న నియమం వికీపీడియాలో ఇప్పటికే ఉన్నది. ఆ సంతకానికి చిరునామా జోడించినందువల్ల గంగజాతర యువకుడికి అందే వివరణ పెరగదు. పైగా జీతం లేని పనికి కోర్టు నోటీసు తోడైతే మిగిలేది, ఇసుక రవాణా మీదా, స్థానిక నాయకుల మీదా వ్యాసాలు ముట్టుకోని నిర్వాహకులే.

చేయదగిన మార్పులు ఇంతకంటె చిన్నవి. ప్రాముఖ్యత ప్రాతిపదికన తొలగించే వ్యాసాల పాఠాన్ని రచయిత వాడుకరి ఉపపుటకు తరలించడం సాంకేతికంగా ఇప్పుడూ సాధ్యమే. దాన్ని నియమం చేస్తే పాఠాంతరం బతికి ఉంటుంది. తొలగింపు కారణాన్ని విధానం పేరుతో సరిపుచ్చక నాలుగు వాక్యాల్లో రచయిత చర్చ పుటలో రాయాలన్న నియమం నిర్వాహకుల పనిని పెంచుతుంది. ఉన్న కొద్దిమందితో అది సాధ్యం కాదన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే ఈ పనిలో కొంత వేరేవారు పంచుకోవాలి. ఎం.ఏ. తెలుగులో గ్రంథ పరిష్కరణ పాఠం చెప్పేటప్పుడు తాళపత్ర ప్రతుల నమూనాలతోపాటు శ్రీకాళహస్తి, చంద్రగిరి, కాణిపాకం వంటి ఒక స్థానిక వ్యాసం చరిత్ర పుటను తెరిచి, ఏ పాఠం ఎందుకు మారిందో విద్యార్థుల చేత పీఠిక రాయించవచ్చు. రాసినదాన్ని ఆ వ్యాసపు చర్చ పుటలో సంతకంతో పెట్టించవచ్చు. దానికి అనుమతి ఎవరినీ అడగనక్కరలేదు. ఆ పుటకు పైన 'సవరించు' అన్న మీట అందరికీ ఉంటుంది.